పొయ్యి పక్క వ్యాసపీఠం

నన్ను ఒకే చెక్కలోంచి తీశారు. మేకు లేదు, బంక లేదు, అతుకు లేదు. జన్నారం అడవిలో పెరిగిన టేకు పలకను వడ్లాయన రెండు కొసల నుంచి సన్నగా కోసి, నడుమ ఒకదాంట్లో ఒకటి ఇమిడే పళ్లు చెక్కాడు. తెరిస్తే రెండు రెక్కలై నిలబడతాను, మూస్తే మళ్లీ పలకనై పడుకుంటాను. కరీంనగర్‌లో ముస్లింల ఇళ్లకు పోయినా ఇదే పనితనం కనిపిస్తుంది. వాళ్లు రెహల్ అంటారు, దాని మీద ఖురాన్ పెట్టి చదువుతారు. మా ఇంట్లో నా పేరు వ్యాసపీఠం. బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి కళ్లకు అందే ఎత్తులో పుస్తకాన్ని తెరిచి పట్టుకోవడం నా పని. నేనుంటే చదివేవాళ్ల రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నా బతుకులో తర్వాత జరిగినదంతా ఆ ఖాళీ చేతుల వల్లే జరిగింది.

మొదట ధర్మపురికి దగ్గరి పల్లెలో, తాత ముందు ఉండేదాన్ని. పొద్దుమూకినంక కందిలి వెలిగించి, నా మీద పోతన భాగవతం పెట్టేవాడు. గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన చోటు కాబట్టి, ఆ స్వామి మీద శతకం చెప్పిన శేషప్ప కవి కూడా తరచూ నా రెక్కల మీదికి వచ్చేవాడు. చదివేది తాత ఒక్కడు, వినేది వాడంతా. అరుగు మీద ఆడవాళ్లు చాటల్లో బియ్యం ఏరుకుంటూ, మగవాళ్లు చుట్ట కాల్చుకుంటూ వినేవాళ్లు. అక్షరం వచ్చినవాళ్లు తక్కువ, కథ తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. "అయ్యా, మల్లొక్కసారి" అని ఎవరైనా అంటే తాత ఆ పద్యం మళ్లీ చదివేవాడు. ఈ రాత్రి ఎన్ని పేజీలు అయినయని ఎవరూ అడగలేదు. తాత పోయినంక నన్ను పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టారు. అక్కడ చాలా కాలం ఉన్నాను, చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కిందికి దించింది తాత మనవడి భార్య. పల్లెలో ఇల్లు అమ్మినప్పుడు ఇత్తడి బిందెలతో, గంగాళంతో పాటు నేనూ కరీంనగర్ వచ్చాను. కోడలు బడిలో లెక్కలు చెప్తుంది. వంటింట్లో ఆమెకో ఇబ్బంది ఉండేది. చేతులకు పిండి అంటుకుని ఉన్నప్పుడే వంటల పుస్తకం మూసుకుపోయేది, డబ్బాకు ఆనిస్తే జారిపోయేది. ఒకరోజు నన్ను శుభ్రంగా తుడిచి పొయ్యి గట్టు మీద నిలబెట్టి, ఆ పుస్తకాన్ని నా మీద పెట్టింది. అది మాలతీ చందూర్ 'వంటలు–పిండివంటలు'.

ముద్రణ మీద ముద్రణ పడుతూ, తల్లి నుంచి కూతురికి చేరుతూ వచ్చిన పుస్తకం అది. మాలతీ చందూర్ నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడ్డారు. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలలను ఒక్కొక్కటిగా తెలుగువాళ్ల ఇంటికి తెచ్చిందీ ఆవిడే. 1992లో 'హృదయనేత్రి'కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పిండివంటల కొలతలు, పరాయి దేశాల నవలలు, సొంత నవలలు, అన్నీ ఒకే కలం నుంచి వచ్చాయి. చదువుకునే ఆడమనిషికి వంటిల్లు అడ్డమని మా వాడలో చాలామంది అనగా విన్నాను. మాలతీ చందూర్‌ను మోసిన నేను ఆ మాట ఒప్పుకోలేను.

ఆ జనవరిలో కోడలు లక్ష్యం పెట్టుకుంది. ఏడాదిలో ఇన్ని పుస్తకాలు చదవాలి, ఇన్ని కొత్త వంటలు చేయాలి. ఆలోచన తోటి టీచరమ్మ ఫోన్‌లోంచి వచ్చింది. గుడ్‌రీడ్స్ 2011 నుంచి ఏటా పాఠకులను ఒక అంకె రాసుకోమని అడుగుతోంది, చదివిన కొద్దీ లెక్క కట్టి చూపిస్తోంది. వంట సంగతికి వస్తే, న్యూయార్క్‌లో జూలీ పావెల్ అనే ఆవిడ 2002లో జూలియా చైల్డ్ ఫ్రెంచి వంటల పుస్తకం ముందేసుకుని, అందులోని 524 వంటలు 365 రోజుల్లో వండుతానని పూనుకుంది, వండి చూపించింది. లెక్కల టీచరుకు ఇవి నచ్చాయి. గోడ క్యాలెండర్ వెనక అట్ట మీద రెండు వరసల గళ్లు గీసుకుంది.

ఆ నెలల్లో పుస్తకాలు నా మీద నిలవలేదు. రాత్రి గిన్నెలు తోమినంక నిద్రకళ్లతో పేజీలు తిప్పేది. సన్న పుస్తకాలు ముందుకొచ్చాయి, లావువి బీరువాలోనే ఉండిపోయాయి. ఆదివారం ఏదో ఒక కొత్త వంట దిగేది, ఇంట్లోవాళ్లు రెండోసారి వడ్డించుకున్నారో లేదో చూడకముందే గడిలో టిక్కు పడేది. అంకె మనిషిని లేపి కూర్చోబెడుతుంది, నేను కాదనను. అసలు పుస్తకమే ముట్టకుండా గడిచిపోయే సంవత్సరాల కంటే అది వెయ్యి రెట్లు నయం. కాని ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది, ఆమెకు ఆ గళ్లలో చోటు లేకపోయింది.

అత్తకు చదువు రాదు. తాత భాగవతం చదివే రోజుల్లో ఆమె కొత్త కోడలు, అరుగు మీదికి రాకుండా తలుపు చాటున పప్పు రుబ్బుకుంటూ విన్నది. గజేంద్ర మోక్షం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ ఆమెకు తెలుసు. ఉగాదికి ముందు ఒక సాయంత్రం, తాత బొటనవేలు ఆనీ ఆనీ నున్నబడ్డ నా అంచు మీద చెయ్యి వేసి అన్నది:

"బిడ్డా, గిది మా మామది. ఆయన సదివితె వాడంత ఇంటుండె. నువ్వేమొ నోట్లనె సదువుకుంటవు. ఏం సదువుతున్నవో నాకేమెరుక?"

"పైకి చదవమంటరా అత్తమ్మా?"

"సదువు. నేను గీ పొయ్యి కాడనె ఉంట గద."

ఉగాది నాడు కొత్త అట్ట మీద కొత్త లెక్క రాసుకున్నారు. నెలకో పుస్తకం, పండుగకో వంట. కరీంనగర్, ఆదిలాబాద్ రచయితలు ముందు, తర్వాతే మిగతావాళ్లు. వంటలూ అంతే. అత్త వింటేనే పుస్తకం అయినట్టు, కోడలి చెయ్యి పడితేనే వంట అయినట్టు.

మొదటిది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీ పలుకులు, దంచిన ఎల్లిపాయ, కారం, ఉల్లి ఆకు, కల్యామాకు వేసి గట్టిగా కలపాలి. నూనె రాసిన గంజులో అడుగు నుంచి గోడల దాకా పలుచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడ బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో కొంచెం నూనె వదిలి, మూత పెట్టి సన్నమంట మీద ఉంచాలి. నీళ్ల కొలత అడిగితే అత్త పిండిని గుప్పిట్లో నొక్కి చూపించింది. "గిట్ల నిలవాలె. ఇడిసిపోవద్దు, కారొద్దు." రెండోది ఒత్తే ముందు కాలిన గంజును నీళ్లలో పెట్టి చల్లార్చాలని కూడా అత్తే చెప్పింది. వేడి గంజులో ఒత్తబోతే చెయ్యి కాలుతుంది, పిండి సమంగా పరుచుకోదు. అందుకే తెలిసినవాళ్లు రెండు గంజులు పెట్టుకుని మార్చుకుంటూ పోతారు.

మూత పెట్టినప్పటి నుంచి అడుగు ఎర్రబడే దాకా రెండు చేతులకూ పని లేదు. ఆ వ్యవధిలో నా మీద సామల సదాశివ 'యాది' సాగింది. 1928లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని తెనుగుపల్లెలో పుట్టి, ఆదిలాబాద్‌లో స్థిరపడి, ఉర్దూ కవులనూ హిందుస్తానీ గాయకులనూ తెలుగువాళ్లకు దగ్గర చేసిన మనిషి ఆయన. 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 'యాది'లో ముచ్చట్లు ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంటాయి, పైకి చదవడానికి అంత అనువైన పుస్తకం నా మీదికి మళ్లీ రాలేదు. కోడలు మధ్యలో లేచి మూత తీయబోతే అత్త ఆపింది. "గా ముచ్చట అయిపోనియ్యి, గప్పుడు దించుదాం." ఆ పూట సర్వపిండి మామూలు కంటే ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. ఇంటాయనకు అదే నచ్చింది. ఆ ఇంట్లో సర్వపిండి ఇప్పటికీ ముచ్చట అయిపోయినంకనే దిగుతుంది.

తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపి పేలపిండి, వానల్లో మక్క గారెలు, పక్కింటి ఆపా దగ్గర నేర్చుకున్న షీర్ ఖుర్మా, సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, నెయ్యి బెల్లంతో మలీద. పుస్తకాలూ అట్లాగే వచ్చాయి. హనుమాజీపేట సినారె 'విశ్వంభర', 1988 జ్ఞానపీఠం దానితోనే ముడిపడి ఉంది, కొన్ని పాదాల దగ్గర అత్త "మల్లొక్కసారి" అన్నది. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ కవితలు ఎంత చిన్నవంటే పోపు వేగేలోపు ఒకటి అయిపోతుంది. అయిపోయినంక మాత్రం ఇద్దరూ కాసేపు మాట్లాడుకునేవాళ్లు కాదు. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం మీద పెద్దింటి అశోక్ కుమార్ రాసిన 'జిగిరి' ముగిసిన రోజు అత్త కూర తాలింపు మరిచి కూర్చుంది.

ఇక సంక్రాంతి. సకినాలు ఒక్కరితో అయ్యే పని కాదు. నానిన బియ్యం వడకట్టి, ఇంకా తడి ఉండగానే గిర్నీ పట్టించి, జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు వేసి పిండి కలుపుతారు. చాప మీద తెల్ల పంచె పరిచి, ముద్దను గుప్పిట పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నగా వదులుతూ, మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతారు. బట్ట తడి పీల్చుకున్నంక పలుచని మూతతో లేపి నూనెలో వేస్తారు, తొందరపడితే విరుగుతుంది. వాడలోని ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు పోయి చుట్టి వస్తారు. ఆ రోజు మా ఇంటి వంతు. నన్ను నడుమ తిరగేసిన డబ్బా మీద పెట్టారు.

పుస్తకం జగిత్యాల బి.ఎస్. రాములు 'బతుకుపోరు', బీడీ కార్మికుల నవల. వచ్చినవాళ్లలో సగం మంది ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులవాళ్లే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎన్ని ఇళ్లు ఆ చాటల మీద నడిచాయో ఎవరినడిగినా చెప్తారు. మొదట మాటల సందడిలో కోడలి గొంతు వినపడలేదు. మెల్లగా ఒకరూ ఇద్దరూ ఊరుకున్నారు. వేళ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

"గిది నా ముచ్చటనె గదనే. పుస్తకంల ఎట్ల వడ్డది?" అన్నది ఒకామె.

ఇంకో పెద్దామె తల ఎత్తకుండానే అడిగింది. "ఆకు తడిపి గోనెసంచిల సుట్టి పెట్టాలె, లేకుంటె కత్తెరకు పెలుసుగ ఇరుగుతది. గా సంగతి రాసిండా?"

కోడలు వెనక్కి తిప్పి వెతకసాగింది. వాళ్లు ఆగలేదు. రేకు పెట్టి ఆకు కత్తిరించడం, తంబాకు ఘాటుకు ఒళ్లో పిల్లలు దగ్గడం, కమీషన్‌దారు బాగా లేవని పక్కకు తీసిన బీడీలకు పైసలు రాకపోవడం, లగ్గానికి ముందు పిల్ల రోజుకు ఎన్ని చుడుతుందని అడిగే సంబంధాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నామీద తెరిచిన పేజీ చాలాసేపు అదే ఉంది. తాత అరుగు తర్వాత నాకు అంత మంది దొరికింది ఆ రోజే. నూనె పొయ్యి కాడికి లేస్తూ ఒకామె కోడలితో అన్నది: "రేపు మా ఇంటికి రా, గరిజెలు సూపిస్త. గా పిల్ల కథ ఏమైందో గూడ సదివి చెప్పు." పండుగ అయిపోయినా పుస్తకం ఇంటింటికీ తిరిగింది, దానితో నేనూ. వంటల వరస నింపడానికి కోడలు తర్వాత ఎక్కడా వెతుక్కోలేదు.

ఎండాకాలంలో ఇంటాయన బ్యాంకు ఉద్యోగం ఆదిలాబాద్‌కు మారింది. జన్నారం, ఉట్నూరు మీదుగా పోయాం. 2012 నుంచి పులుల అభయారణ్యమైన కవ్వాల్ అడవి రెండు పక్కలా నడిచింది. నేను పుట్టిన టేకు అక్కడిదే.

కొత్త ఇంటి పక్కన మరాఠీ మాట్లాడే కుటుంబం. వాళ్లు శనగపిండితో పిట్ల, జొన్నరొట్టె నేర్పారు. ఎడ్లకు మొక్కే పొలాల పండుగకు వాళ్లతోనే పోలెలు చేశారు. సంతలో పరిచయమైన గోండు ఆమె ఇప్పపువ్వు ఇచ్చింది. చైత్రంలో రాత్రంతా రాలిన పువ్వును తెల్లారకముందే ఏరి, ఎండబెట్టి, లోపలి కేసరాలు నలిపి దులిపి దాచుకున్నది. దాన్ని దోరగా వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లంతో దంచి లడ్డూ కట్టాలి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఈ లడ్డూలే చేసి అమ్ముతున్నారు. ఆ నెల పుస్తకం అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము'. 1940లో జోడేఘాట్‌లో భీము పడిపోయిన ఘట్టం దగ్గర ఆమె రోలు ఆపి విన్నది. తమ ఇళ్లల్లో పెద్దల కథలు ప్రధానులు కిక్రీ వాయిస్తూ చెప్తారని, రాత్రంతా కూర్చుని వింటామని చెప్పింది. కోడలు పుస్తకం మూసి, ఆ కథలేమిటో చెప్పమని అడిగింది. ఆ సాయంత్రం నేను ఖాళీగానే నిలబడి విన్నాను.

వచ్చే ఏడాది లెక్క ఇప్పుడు అత్తే చెప్తోంది. ఆమెకు 'వేయిపడగలు' కావాలట. విశ్వనాథ సత్యనారాయణ 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నాడనీ, వంగర పి.వి. నరసింహారావు ఆ నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చాడనీ కోడలు ఎప్పుడో నోరు జారింది.

"నెలకో పుస్తకం లెక్క తప్పుతది అత్తమ్మా. చానా పెద్దది."

"తప్పనియ్యి. వానలల్ల మొదలువెట్టి సంకురాత్రి దాక సదువు. గప్పటికి నీకు తొక్కులన్ని నేర్పుత."

కోడలు క్యాలెండర్ అట్ట మీద ఆషాఢం నుంచి పుష్యం దాకా గళ్లన్నిటికీ అడ్డంగా ఒకటే పేరు రాసింది. తొక్కులకు కింద వేరే వరస గీసింది. మామిడి, చింతకాయ, పండుమిరప అని అత్త చెప్తుంటే రాసుకుంటూ పోయింది, ఉసిరిక దగ్గర ఉప్పు ఎంతన్న సంగతి మీద ఇద్దరికీ మాట పడలేదు.