మడతబండి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ పద్యకర్త మా అబ్బాయి, మాంచెస్టర్ కాపురస్థుడు. వ్యాఖ్యాత అతని తండ్రి, తెనాలి వాస్తవ్యుడు, రిటైరైన తెలుగు పండితుడు. పద్యంలో తలనొప్పి పడుతున్న తాతా ఈయనే. సెలవులకి నాలుగు రోజులు లండన్ చూడబోతూ, అయిదు నిండిన మనవడి కోసం కోడలు మడతబండి కూడా రైలెక్కించింది. "బడికెళ్ళే వాడికి బండేమిటమ్మా?" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. మావాడు ఊరుకోలేదు. రైల్లోనే ఆటవెలది చెప్పాడు.

నొచ్చెఁ గాళ్ళటంచు నూరెల్లఁ దిరుగుచో
మొరలు వెట్టు వాని మోయ నేల?
మడతబండి నుంచి మాఱాడకను తోయ
తాతకేల యిట్లు తలకు నొప్పి?

ప్రతిపదార్థం: నొచ్చెన్ కాళ్ళు అటంచున్ = "కాళ్ళు నొప్పి" అంటూ (ఐస్‌క్రీం కనబడినంతసేపు ఈ నొప్పి ఉపశమించుట గమనార్హం); ఊరెల్లన్ తిరుగుచోన్ = లండనంతా తిరిగేటప్పుడు; మొరలు వెట్టు వానిన్ = ఏడుపు లంకించుకునే పిల్లవాణ్ణి; మోయన్ ఏల = ఎత్తుకోవడం ఎందుకు (వాడు 19 కిలోలు, కవికి నడుం నొప్పి); మడతబండిన్ ఉంచి = మడిచే బండిలో కూర్చోబెట్టి; మాఱాడకను = ఎదురు చెప్పకుండా; తోయన్ = తోస్తూంటే; తాతకున్ ఏల ఇట్లు తలకున్ నొప్పి = ముసలాయనకి ఎందుకీ తలనొప్పి?

"మాఱాడకను" అన్నదానికి కర్త ఎవరన్న విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. పిల్లవాడని నేను. మావయ్యగారే అని కోడలు.

తాత్పర్యం: స్పష్టం. కవికి నా మీద గౌరవం తగ్గిందనేది కూడా స్పష్టమే.

విశేషాలు: ఇందులో అలంకారం అసంగతి. కారణం ఒకచోట, కార్యం మరోచోట. నొప్పి మనవడి కాళ్ళలో పుట్టి తాత తలలో తేలింది. కుర్రవాడు తెలిసి వేశాడో, అలవోకగా పడిందో గాని, నా పెంపకం వృథా పోలేదు.

ఇక "మడతబండి". 1733లో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ డ్యూకుగారి పిల్లలకి చేసిన బండిని మేకో పొట్టి గుర్రమో లాగాలి. దాన్ని మడిచి చంకన పెట్టుకునే ప్రసక్తి లేదు. ఆ భాగ్యం 1965లో ఓవెన్ మెక్లారెన్ కలిగించాడు. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు. కూతురు పసిపిల్లతో, బరువైన బండితో ప్రయాణంలో పడ్డ అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండి చేశాడు. బరువు మూడు కిలోల లోపే. అంటే దీన్ని కనిపెట్టింది కూడా ఒక తాతే. ఈ సంగతి కవికి తెలియకపోవడం నా అదృష్టం. తెలిస్తే సీసపద్యం దిగేది.

పెద్దపిల్లలకి పనికిరాదన్న నా వాదం కూడా నిలవలేదు. ఐరోపా ప్రమాణాల్లో 15 కిలోల దాకా ఒక తరగతి, 22 కిలోల దాకా మరో తరగతి ఉన్నాయట. మనవడు రెండోదానిలో దర్జాగా ఇమిడాడు.

"ఊరెల్లన్" అన్నది అతిశయోక్తి కాదు. భూగర్భ రైలుకి 272 స్టేషన్లుంటే, మెట్లెక్కకుండా వెళ్ళగలిగేవి సుమారు మూడో వంతు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు కాదనుకుంటే 193 మెట్లు, అదీ మెలికలు తిరుగుతూ. బస్సులో చోటుంది గాని దాని మీద మొదటి హక్కు చక్రాల కుర్చీది. ఆ మనిషి ఎక్కగానే బండి మడవాలి, పిల్లవాణ్ణి లేపాలి. అది న్యాయమే. ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పైకప్పు నుంచి వేలాడే నీలి తిమింగలం అస్థిపంజరం పాతిక మీటర్ల పొడుగు. తల నుంచి తోక దాకా నడిచేసరికే మనవడు "ఇంటికెళ్దాం తాతా" అన్నాడు. వీధిలో గంటసేపు గంతులేసేవాడు మ్యూజియంలో పది నిమిషాలకే వాలిపోతాడు. ఆగి ఆగి, పెద్దల అడుగుకి అడుగు కలిపి నడవడం ఆటకాదు గదా.

"మా కాలంలో మేం నడవలేదా?" అని కవిని నిలదీశాను. "కోటప్పకొండ తిరునాళ్ళకి ఎలా వెళ్ళేవారు నాన్నా?" అన్నాడు. ఆలోచిస్తే, మా నాన్నగారి భుజాల మీద. కిందకి దించితే ఏడ్చేవాణ్ణని మా అమ్మ చెప్పేది. నాకున్న బండి ఆయనే. సాయంత్రం ఆయన మెడకి మా అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే చూశాను గాని, అది నా బరువేనని తోచలేదు. ఈ భాగాన్ని వ్యాఖ్యలో చేర్చాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను.

పాఠాంతరం: కోడలి ఫోనులో దొరికిన ప్రతిలో చివరి పాదం వేరుగా ఉంది.

తాత కేలఁ బట్టెఁ దగిన పిడిని

కేలన్ = చేతితో. మూలంలోని "తాతకేల"ని మరోలా విరిచిన శ్లేష. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి మ్యూజియంలకి వెళ్ళే పొడవాటి సొరంగంలో, తిరుగుదారిన, మనవడు ముందు పరుగెడుతుంటే, నా స్వెట్టరూ పులిహోర డబ్బా ఉన్న ఖాళీ బండిని నేను తోస్తున్నాననీ, అబ్బాయి అడిగినా ఇవ్వలేదనీ దీని భావం. ఈ పాదం ప్రక్షిప్తమని నా నిశ్చితాభిప్రాయం. దీనితోపాటు ఫోటో కూడా ఉందంటున్నారు. మోకాళ్ళకి ఊతగా ఆ పిడి ఎత్తు సరిగ్గా సరిపోయిన మాట మాత్రం నిజం.