షేర్వాణీ బోర్డుకు ఆటోనగర వ్యాఖ్య

మూలము: పెళ్లి షేర్వాణీలు అద్దెకు ఇవ్వబడును. మరక పడినచో అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.

అవతారిక: విశాఖలో గాజువాక పక్కన మా ఆటోనగర్‌లో ఒక వైపు లేతు మిషను, మరో వైపు లారీ బాడీలు కట్టే షెడ్డు, నడుమ పదడుగుల కొట్టు. దాని నుదుటి మీద ఈ వాక్యద్వయం వెలసింది. కర్త అజ్ఞాతుడు. పసుపు మీద ఎరుపు రంగు, చివరి అక్షరం తోకకు గులాబీ పువ్వు చూస్తే లారీల వెనక రాసే చెయ్యేనని తేలిపోతుంది. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని మెదకు సీమ కొలిచెలమ వాడైన మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకు అడ్వాన్సు పోలేదు గనుక చెల్లింది.

ప్రతిపదార్థము: పెళ్లి = వివాహ సంబంధమైన; షేర్వాణీలు = మెడ దాకా గుండీలు, మోకాళ్ల దాకా జారుడు గల కోట్లు; అద్దెకు = తిరిగి వచ్చే నిమిత్తమై; ఇవ్వబడును = (ఆధార్ జిరాక్సు పుచ్చుకొని) ఒసగబడును; మరక = దిగువ చూడుము; పడినచో = తనంత తాను పడినను; అడ్వాన్సు = మరచిపోవలసిన సొమ్ము; తిరిగి ఇవ్వబడదు = స్పష్టము.

షేర్వాణీ: ఈ పదం మీద ఆటోనగర్‌లో రెండు మతాలున్నాయి. శేరు బరువు జరీ పని ఉంటుంది గనుక శేరువాణి అని ఒక టైలరు. ఒకే బండిలో పదిమంది ఎక్కితే షేర్ ఆటో, ఒకే కోటులో పదిమంది పెళ్లాడితే షేర్‌వాణీ అని పక్కషెడ్డు లేతు మేస్త్రి. రెండోది వ్యుత్పత్తికి నిలవదు, వ్యవహారానికి నిలుస్తుంది.

ఇవ్వబడును: తెలుగువాడు నోటితో 'ఇస్తాం' అంటాడు, బోర్డు మీదే 'ఇవ్వబడును' అంటాడు. ఈ 'బడు'లో కర్త కనబడడు. ఈ సంగతి చదువరి కాస్త గుర్తుంచుకోవాలి.

అద్దెకు: మూలానికి ప్రాణం ఈ మాటలో ఉంది. మేనల్లుడి పెళ్లికి ఈ కొట్టు గడప తొక్కినప్పుడు మా మావయ్య పూర్వపక్షం లేవదీశాడు: "ఈ నవాబు వేషం ఏటిరా, మన పెద్దోళ్లెవరైనా వేశారేటి?" వేశారు మావయ్యా. తిరుమలలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం తల చూడు. ఆ నిలువెత్తు టోపీ కుళ్ళాయి, పారసీకుల కులాహ్. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో 16వ శతాబ్దపు దొరలు తొడిగిన పొడుగు అంగీ కబాయి, అరబ్బుల కబా. అంతకు ముందే శ్రీనాథుడు కన్నడ రాజ్యంలో దర్శనం కోసం కుళ్ళాయి పెట్టవలసి వచ్చిందని వాపోయినట్టు ఒక చాటువు మిగిలింది. మహాకవికే తప్పలేదు, మా మేనల్లుడెంత?

షేర్వాణీ మాత్రం ఎక్కడిది? 19వ శతాబ్దంలో మొగలాయి అంగీకీ ఇంగ్లీషు ఫ్రాక్ కోటుకీ కుదిరిన వియ్యం. హైదరాబాదులో నిజాం కొలువు దాన్ని దర్బారు దుస్తు చేసుకుంది. మధ్యలో సఫారీ సూటు యుగం ఒకటి గడిచింది. మా బావగారి పెళ్లి ఫోటో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైన 1992 నాటిది. బిస్కెట్ రంగు సఫారీ, నాలుగు జేబులు, మీద బాసికం. పెళ్లికి నాలుగు జేబులెందుకో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు. కాబట్టి సిద్ధాంతం: మన వరుడు ఏనాడైనా ఎరువు బట్టల్లోనే ఊరేగాడు. ఈ కొట్టువాడు దాన్ని రోజు లెక్కకు తెచ్చాడంతే.

వధువు మాట మూలంలో లేదు, ఆమె చీర బీరువాది గనుక. ఏడాదికోసారి మడత మార్చకపోతే జరీ మడత దగ్గరే పుటుక్కుమంటుంది. చివరికి "పాత జరీ కొంటాం" అని వీధిలో కేక వినబడేదాకా అక్కడే ఉంటుంది. వన్‌టౌన్‌లో రాణీబొమ్మగా నిలబడ్డ విక్టోరియా 1840 ఫిబ్రవరి 10న తెల్ల గౌనులో పెళ్లాడాక ఇంగ్లీషు దొరసానులకు తెలుపు మోజైంది. అంతకు ముందు ఎక్కువమంది ఉన్నవాటిలో మంచి రంగు గౌను తొడిగి, తర్వాత పండగలకూ దాన్నే వాడుకునేవారు. మన పీటల మీద తెల్ల నూలుకు ఆ రాణి అనుమతి అక్కర్లేకపోయింది. తేనె, పెరుగు, నెయ్యి కలిపి వరుడికిచ్చే మర్యాద మధుపర్కం. ఆ వేళ పెట్టే ఎర్రంచు బట్టలకూ ఆ పేరే అంటుకుంది. మధుపర్కాలు అద్దెకు దొరకవు. అయినా అవీ వరుడు కొన్నవి కావు, మామగారు పెట్టినవి.

మరక: రిసెప్షన్‌లో మా పెద్దత్త తడి అచ్చింతలు గుప్పెడు తీసి మీగడరంగు షేర్వాణీ భుజం మీద వేసింది. ఇంటికొచ్చి సబ్బు రాశాను. పసుపు కాస్తా కుంకుమైంది! సబ్బులో క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని, ఎండ తగిలితే వెలిసిపోతుందని మా ఆవిడ చెప్పాకే ఊపిరొచ్చింది. రెండు రోజులు మేడ మీద ఆరేశాం. మరక పోయింది, గాలిలోని నల్లపొడి వచ్చి కూర్చుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో దులిపి, మడతపెట్టి, కొట్టుకు తీసుకెళ్లాను.

ఓనరు గుండీ గుండీ తడిమాడు. "బాగుందండి మేస్టారూ" అన్నాడు. ఇంతలో లేతు వైపు నుంచి కుర్రాడు బనియన్ వేస్టుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, షేర్వాణీ అందుకుని హేంగరుకు తగిలించాడు. కాలరు మీద గ్రీజు బొటనవేలు, గీతలతో సహా.

"అది మీవాడిదేనండీ" అన్నాను.

ఓనరు తల పైకెత్తి బోర్డు చూపించాడు. మరక పడినచో. మళ్లీ చదివాను. అక్కడ కర్త లేడు.