హాస్యవిరమణ విలాపం: టీకా తాత్పర్య సహితం

మూలం

"అన్నా! నువ్వు మానేస్తే మేమెలా నవ్వాలి? కష్టకాలంలో నన్ను బతికించింది నువ్వే. ఒక శకం ముగిసింది. ఆఖరిసారి ఆ పాత జోకు ఒక్కటి చెప్పిపో. ఇంతకీ మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

అవతారిక

స్టాండప్ కమెడియన్ ఎవరైనా "ఇక చాలు, మైకు పెట్టేస్తున్నా" అనడం తరువాయి, అభిమానుల నోట వెలువడే గద్యం ఇది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమనుకోవడానికి అడ్డేమీ లేదు, ఎందుకంటే దేశం మారినా, భాష మారినా, మానేసేవాడు మారినా పాఠం పెద్దగా మారదు. 2014లో ఇంగ్లండులో లీ ఎవాన్స్ భార్యతో గడపడానికి తీరిక కావాలంటూ టీవీలో విరమణ ప్రకటించినప్పుడు అక్కడి శాఖ ఒకటి బయల్దేరింది. 2026 జనవరిలో జాకిర్ ఖాన్ సాక్షాత్తూ హైదరాబాదు వేదిక మీద, ఆరోగ్యం చూసుకోవాలి, కొన్నేళ్ళు కనిపించనని చెప్పినప్పుడు మన శాఖకూ పారాయణ భాగ్యం కలిగింది. ఆయన అన్నది విరామమే, విరమణ కాదు. విలాపానికి అంత సూక్ష్మం పట్టదు.

టీకాకారుల్లో శిఖరం మల్లినాథసూరి. ఆయనది మెదక్ జిల్లా కొల్చారమని ప్రతీతి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కూర్చున్న మనిషి. చెడ్డ వ్యాఖ్యానాల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికే తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడికి మల్లినాథుడి మొదటి మాట నిలబెట్టుకునే ఓపిక లేదు, రెండో మాట నిలబెట్టుకునే ఉద్దేశం లేదు. పైగా ఇక్కడ మూర్ఛపోయింది మూలం కాదు, దాన్ని పదేపదే వినవలసి వచ్చినవాళ్ళు.

ప్రతిపదార్థం

అన్నా, నువ్వు, మానేస్తే, మేము, ఎలా: ఇవి బాలబోధలు. విద్యార్థులు స్వయంగా చూసుకోవచ్చు.

నవ్వాలి: ఇక్కడ ఆగక తప్పదు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. స్మితంలో పళ్ళు కనబడకూడదు, హసితంలో కాస్త కనబడవచ్చు. అతిహసితంలో గొంతు చించుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ, రెండు చేతులతో డొక్కలు పట్టుకుంటారు. మరి టికెట్టు కొనుక్కుని వచ్చినవాడు స్మితంతో ఇంటికి వెళ్తే డబ్బు దండగయిందంటాడు. కనుక నేటి స్టాండప్ హాల్లో ఉత్తముడికి సీటు లేదు.

హాస్యరసానికి దేవత ప్రమథులు, వర్ణం తెలుపు. ఇక్కడొక విశేషం. 1970లలో అమెరికాలో స్టీవ్ మార్టిన్ అనే ఆయన నిలువెల్లా తెల్ల సూటు వేసి, తలకు అడ్డంగా దూసుకుపోయినట్టుండే బాణం పెట్టి, బాంజో పుచ్చుకుని వేదిక ఎక్కేవాడు. వికృత వేషం, వికృత అలంకారం హాస్యానికి విభావాలని భరతుడు చెప్పనే చెప్పాడు. స్టీవ్ మార్టిన్ భరతుణ్ణి చదివిన దాఖలా లేదు. పెద్ద హాళ్ళలో దూరంగా కూర్చున్నవాళ్ళకు కనబడటానికే తెలుపు వేశానని ఆయన చెప్పుకున్నాడు. శాస్త్రం చదవకుండా శాస్త్రోక్తంగా నడిచినవాళ్ళలో ఆయన ఒకడు.

కాలేజీలో తత్త్వశాస్త్రం చదివాడు. అసలు పంచ్ లైను ఎందుకుండాలి అన్న అనుమానం ఆయనకు అక్కడి చదువుల నాడే పుట్టింది. ఇదిగో ఇక్కడ నవ్వండి అని చెయ్యి చూపించడం మానేసి, బిగువు పెంచుకుంటూ పోతే, జనం ఎవరికి తోచినచోట వాళ్ళు నవ్వుకుంటారు గదా అని ఆలోచించాడు. ఈ పద్ధతి పట్టుబడటానికి చాలా ఏళ్ళు పట్టింది. మొత్తం పద్దెనిమిదేళ్ళు స్టాండప్ చేస్తే, పదేళ్ళు నేర్చుకోవడానికి, నాలుగేళ్ళు నగిషీకి, నాలుగేళ్ళు వీరవిహారానికి సరిపోయాయని ఆయన లెక్క. 1977, 1978 సంవత్సరాల్లో వచ్చిన రెండు హాస్య రికార్డులకూ గ్రామీ బహుమతులు వచ్చాయి. హాళ్ళు పోయి స్టేడియాలు వచ్చాయి. ఎక్కడ నవ్వాలో జనానికే వదిలేసిన మనిషికి జనం ఏం చేశారు? ఆయన మాట పెదవి దాటకముందే తామే దాన్ని అరిచి వినిపించారు. తాను హాస్యగాణ్ణి కాకుండా పోయి, ఒక పెద్ద విందుకు ఆతిథ్యమిచ్చేవాడినయ్యానని ఆయన 2007లో వచ్చిన బోర్న్ స్టాండింగ్ అప్ అనే పుస్తకంలో రాసుకున్నాడు. 1981లో ఊరుకున్నాడు. వీడ్కోలు యాత్ర లేదు, ప్రకటన లేదు. అందుచేత విలాపానికి ముహూర్తమే దొరకలేదు. ఆ రకంగా కూడా ఆయన మేధావి.

ప్రేక్షకుల అరుపుల సంగతి భరతుడు వదిలేశాడనుకుంటే పొరపాటు. సిద్ధుల అధ్యాయంలో ప్రదర్శన ఫలించిందని తెలిపే గుర్తుల పట్టిక ఉంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, "సాధు" అనడం, "అహో" అనడం, కరుణ ఘట్టంలో "కష్టం" అనడం, ఒళ్ళు పులకరించడం, లేచి నిలబడటం, బట్టలూ ఉంగరాలూ విసరడం. నిలబడి చప్పట్లు కొట్టడం అమెరికా వాళ్ళ నుంచి వచ్చిందనుకునేవాళ్ళు ఈ జాబితా చూసి తల వంచుకోవాలి. ఉంగరాలు విసిరే ఆచారం మాత్రం ఎందుకో నిలవలేదు.

దాని పక్కనే ఘాతాల పట్టిక, అనగా ప్రదర్శనను చెడగొట్టేవి. గాలి, వాన, నిప్పు, ఏనుగు, పాము దైవకృతాలు. శత్రువులు చేసేవి వేరు: పేడ విసరడం, మట్టిబెడ్డలు విసరడం, చీమలు వదలడం, పెడబొబ్బలు. ఆ శత్రుకృతాల వరసలోనే భరతుడు అతిగా నవ్వడాన్నీ, ఏడవడాన్నీ కూడా చేర్చాడు. పేడ ముద్దకూ పొర్లి పొర్లి నవ్వడానికీ ఒకే పంక్తిలో విస్తరి వేసిన మహానుభావుడు కచ్చితంగా ఏదో చెడ్డ రాత్రి నాటకం చూసి వచ్చి ఆ అధ్యాయం రాసి ఉంటాడు.

పాత జోకు చెప్పిపో: ఇది మూలానికి ఆయువుపట్టు. తెలుగువాళ్ళకు ఈ కోరిక కొత్త కాదు. మన పద్యనాటకాల పందిళ్ళలో దీనికి పేరు వన్స్‌మోర్. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో రాయబారం ఘట్టం పడిందంటే, కృష్ణుడు షణ్ముఖి ఆంజనేయరాజు కానివ్వండి, పీసపాటి నరసింహమూర్తి కానివ్వండి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు పద్యాలు వాళ్ళతో సమానంగా నోటికి వచ్చు. ఎత్తుగడ వినగానే పందిట్లో పెదవులు కదిలేవి. రాగం ఎంతసేపు లాగుతాడు, ఏ సంగతి కొత్తగా వేస్తాడు, ఊపిరి ఎక్కడ తీస్తాడు అని చెవులు రిక్కించేవాళ్ళు. చచ్చిపడిన పాత్రధారి వన్స్‌మోర్ వినబడగానే లేచి పద్యం పాడి, మళ్ళీ పడుకుని చచ్చేవాడని నాటకాలవాళ్ళు చెప్పుకునే ముచ్చట ఉండనే ఉంది. హార్మోనిస్టుకు మాత్రం చావైనా బతుకైనా ఒకటే శ్రుతి. అప్పట్లో హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి తెల్లవార్లూ...

ఎక్కడున్నాం? పాత జోకు దగ్గర.

పద్యం తెలిసినకొద్దీ రుచి పెరుగుతుంది. జోకుకు తెలియనితనమే ప్రాణం. ఇంత చిన్న తేడా అభిమానికి ఎక్కదు. పద్యానికి పెట్టాల్సిన వన్స్‌మోర్ జోకుకు పెడతాడు. 2004లో శాక్రమెంటోలో డేవ్ షపెల్ స్టాండప్ చేస్తుంటే, టీవీ షోలో ఆయన వేసిన రిక్ జేమ్స్ వేషం తాలూకు ఊతపదాన్ని జనం అరుస్తూనే ఉన్నారు. ఆయన వేదిక దిగిపోయాడు. కాసేపటికి తిరిగివచ్చి, మీకు తెలివి లేదని వాళ్ళ మొహం మీదే చెప్పాడు. మరుసటి ఏడాది 5 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందాన్ని నడిమధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్ళిపోయాడు. ఒక స్కెచ్ చిత్రీకరిస్తున్నప్పుడు అక్కడున్న ఒకాయన నవ్విన తీరు తనకు తేడాగా వినిపించిందని ఆ తరవాత ఓప్రా విన్‌ఫ్రీతో అన్నాడు. భరతుడి ఆరు నవ్వుల్లో అది ఏ నవ్వో వ్యాఖ్యాతలు తేల్చవలసి ఉంది.

ఇక్కడ టీకాకారుడు గాంభీర్యం కాసేపు పక్కన పెడుతున్నాడు. గంటసేపు నిలబడి చెప్పే సరుకు ఒక్క రాత్రిలో తయారు కాదు. చిన్న హాళ్ళలో, ఓపెన్ మైకుల్లో, నలుగురు కూర్చుని ఇద్దరు ఫోను చూసుకుంటున్న చోట, నెలల తరబడి చెప్పి, పేలనివి పారేసి, మిగిలినవాటిలో ఒక్కో మాటా ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంటేగానీ తయారు కాదు. అప్పటికి ఎవరో ఫోనులో తీసి బయట పెట్టేస్తారు. కొత్తది చెబితే "పాతది చెప్పన్నా" అంటారు. పాతది చెబితే "ఇది విన్నాం" అంటారు. రెండూ అన్నవాడు ఒకడే. మానేస్తున్నానంటే ముందుగా ఏడ్చేదీ వాడే.

కష్టకాలంలో నన్ను బతికించింది: కాళిదాసు రెండు విలాపాలు రాశాడు, రఘువంశంలో అజుడిది, కుమారసంభవంలో రతిది. రెంటికీ మల్లినాథుడు టీక రాశాడు. ఇందుమతి పోతే అజుడు ఏమేం పోగొట్టుకున్నాడో ఏకరువు పెడతాడు, కానీ ప్రతి మాటలోనూ ఇందుమతి కనబడుతుంది. ప్రస్తుత విలాపంలో వెతికి చూడండి: నా కాలేజీ రోజులు, నా ప్రేమ పోవడం, నా ఉద్యోగం లేని ఏడాది, నేను, నాకు, నన్ను. నాయకుడు ఒక్కచోట కూడా లేడు. అన్నిటికంటే వింత, ఈ కావ్యంలో నాయకుడు చచ్చిపోలేదు. ఇంట్లో కూర్చుని, చాలా ఏళ్ళ తరవాత వేళకు అన్నం తింటున్నాడు. రోజుకు రెండు మూడు షోలు, నిద్ర లేని రాత్రులు, తెల్లవారుజాము విమానాలు, వేళ తప్పిన తిండి అని జాకిర్ ఖాన్ చెప్పుకున్నది అంతకు ముందటి బతుకు.

శకం ముగిసింది: శాలివాహన శకం క్రీ.శ. 78లో మొదలై ఇంకా నడుస్తూనే ఉంది. ఇంతకుమించి వ్యాఖ్య అనవసరం.

మళ్ళీ ఎప్పుడొస్తావ్: విరమణలో భేదాలున్నాయి. 1987లో "రా" అనే చిత్రం తరవాత ఎడీ మర్ఫీ స్టాండప్ వదిలి సినిమాలకే ఉండిపోవడం మౌనవిరమణ. పార్కిన్సన్స్ వ్యాధి వల్ల బిల్లీ కానలీ మానుకోవడం వ్యాధివిరమణ. హన్నా గాడ్స్‌బీది మరొకటి. నానెట్ అనే ప్రదర్శనలో, తనను తాను కించపరచుకుని నవ్వించడం ఇక చేయలేనని, హాస్యం వదిలేస్తున్నానని గాడ్స్‌బీ చెప్పారు. ఆ ప్రదర్శనకు 2017లో మెల్‌బోర్న్‌లోనూ ఎడిన్‌బరోలోనూ పెద్ద బహుమతులు వచ్చాయి, 2018లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతా చూసింది. 2019కల్లా డగ్లస్ పేరుతో గాడ్స్‌బీ మళ్ళీ వేదిక మీదే ఉన్నారు. దీన్ని పునరావృత్తివిరమణ అనవచ్చు. తిరిగి వచ్చినందుకు "మరి మానేస్తానన్నావుగా" అని నిలదీసేది కూడా మన మూలగ్రంథ కర్తలే.

మిగిలినది బలాత్కారవిరమణ. 2021 నవంబరులో బెంగళూరులో మునవ్వర్ ఫారూఖీ షోను నిర్వాహకుల చేత పోలీసులు రద్దు చేయించారు. అంతకు ముందు రెండు నెలల్లో మరికొన్ని అలాగే రద్దయ్యాయి. అతను ఇక ముగించానన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో గట్టి పోలీసు కాపలా మధ్య మళ్ళీ కనిపించాడు. భరతుడు చెప్పిన శత్రుకృత ఘాతం అచ్చంగా ఇదే. విలాపమంటూ చేస్తే ఇలాంటి చోట చేయాలి, అదీ హాలు మూయించినవాళ్ళకు వినబడేలా చేయాలి. అభిమాని గొంతు అక్కడా అన్నవైపే తిరుగుతుంది: అన్నా, మళ్ళీ ఎప్పుడొస్తావ్?

తాత్పర్యం

ఓ హాస్యగాడా! నీకు ఒళ్ళు బాగాలేకపోయినా, నీ భార్యాబిడ్డలు నిన్ను మరిచిపోయినా, నీ జోకు నీకే వెగటు పుట్టినా, నా సాయంత్రాలు ఏం కావాలో చెప్పి వెళ్ళు అని భావం.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో చివర "ఆరోగ్యం జాగ్రత్త అన్నా, తీరిగ్గా రా, రాకపోయినా పర్లేదు" అని అదనంగా కనిపిస్తోంది. శైలి మిగతా గ్రంథంతో పొసగదు. ఒక్క నేను, నాకు, నన్ను కూడా లేదు. ఇది ప్రక్షిప్తమనీ, ఆ కమెడియన్ తల్లి ఎవరి ఫోను నుంచో చేర్చి ఉంటుందనీ పండితుల అనుమానం. టీకాకారుడు మరికొన్ని ప్రతులు తెప్పిస్తున్నాడు.