గోళీ సోడా సీసా ఆత్మకథ

నేను గోళీ సోడా సీసాను. పచ్చఛాయ ఉన్న మందపాటి గాజు ఒళ్లు, నొక్కులు పడ్డ మెడ, ఆ మెడలో ఒక గాజు గోళీ, మూతి లోపలి అంచున రబ్బరు వాషరు. ఇదీ నా ఆకారం. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872 నాటికి నాకీ రూపం ఖాయం చేశాడు. అంతకుముందు సోడా సీసాలకు బెరడు బిరడాలే గతి. బిరడా ఎండి ముడుచుకుంటే గ్యాస్ జారిపోయేది. బిరడా తడిగా ఉండాలని సీసాలను పడుకోబెట్టి దాచేవారు. నేనొచ్చాక ఆ అవస్థ తీరింది. జపాన్‌లో రామునే పేరుతో ఇప్పటికీ నా వంశం నడుస్తోంది. తెలుగు ఊళ్లలోనైతే నిమ్మసోడా బండి మీద నన్ను చూడనివారు అరుదు. సోడా కొట్టగానే కీచుమని కూత, మూతి దగ్గర నురగ. ఎందుకలా అని అడిగితే "లోపల గ్యాస్ కుక్కి పెట్టారు, దారి దొరికింది, వచ్చేసింది" అంటారు. ఆ మాట సగమే నిజం. నీటిలో ఎంత గ్యాస్ ఉండగలదో పీడనం తేలుస్తుంది. అది ఎప్పుడు, ఎంత జోరుగా బయటపడాలో మాత్రం నీరూ గ్యాసూ ఒకదాన్నొకటి తాకే తలం తేలుస్తుంది. నా కథంతా ఈ రెండో సగం గురించే.

ముందు అందరికీ తెలిసిన సగం. నీటిపైన ఒక వాయువు పీడనం ఎన్ని రెట్లయితే, నీటిలో కరిగే ఆ వాయువూ దాదాపు అన్ని రెట్లవుతుందని 1803లో విలియం హెన్రీ అనే ఇంగ్లిషు రసాయన శాస్త్రవేత్త చూపాడు. 25 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో, లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అంటే సోడాలోని గ్యాస్, కరుగుతుంది. నాలోని పీడనం దానికి నాలుగు రెట్లు అనుకుంటే ఆరు గ్రాముల దాకా పడుతుంది. అంటే 200 మిల్లీలీటర్ల సోడాలో దాగిన గ్యాస్ మొత్తం బయటికొస్తే ఆ నీటికి మూడు రెట్లకు పైగా చోటు కావాలి. ఆ బలానికి నా గోళీయే సాక్షి. మరా, తీగా లేకుండా లోపలి గ్యాసే దాన్ని వాషరుకు అదిమి పట్టుకుంటుంది. వాషరు రంధ్రం ఒక చదరపు సెంటీమీటరు అనుకుంటే, గోళీని కిందికి తోయడానికి మూడు కిలోల బరువంత ఒత్తిడి కావాలి. గోళీ జారిన క్షణంలో పైచోటిలోని, అంటే నీటికీ మూతికీ మధ్య ఖాళీలోని, గ్యాస్ తప్పించుకుంటుంది. ఆ కూత దానిదే. గ్యాస్ వ్యాకోచించి చల్లబడితే అందులోని నీటి ఆవిరి మూతి దగ్గర పొగమంచై కనిపిస్తుంది. ఇక నీటిలో మిగిలిందంతా అది మోయగలిగినదానికి మించిన సరుకు.

పీడనమొక్కటే కారణమైతే ఆ మించిన సరుకంతా అదే క్షణంలో బయటపడాలి. పడదు. తెరిచాక కదపకుండా ఉంచితే చాలాసేపు నీటిలో ఘాటు నిలుస్తుంది. బుడగ పుట్టడం అంత కష్టం మరి. బుడగ పుట్టాలంటే నీటి నడుమ కొత్త తలం ఏర్పడాలి. తలతన్యత దాన్ని ముడిచేయాలని చూస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ నొక్కుడు అంత ఎక్కువ. పైన చెప్పిన పీడనాల లెక్కన, వ్యాసార్ధం అర మైక్రోమీటరుకు, అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతుకు తగ్గిన బుడగ పెరగలేదు, కరిగి మాయమవుతుంది. ఉత్త నీటిలో మొదలయ్యే బుడగ ఆ గండం దాటలేదు. అందుకే బుడగలు ఇంకెక్కడో మొదలవుతాయి. గాజు మీది గీతలో, గ్లాసుకు అంటిన నూలుపోగులో, దుమ్ము కణంలో ముందే చిక్కుకున్న గాలి తునక ఉంటుంది. గ్యాస్ అందులో చేరి ఉబ్బుతుంది, తేలే బలం రాగానే విడిపోతుంది, వెనక మిగిలిన తునక మరో బుడగకు పురుడు పోస్తుంది. గ్లాసులో సోడా పోసి గమనించండి. బుడగల వరస ఒకే చుక్క నుంచి దారం లాగినట్టు లేస్తూనే ఉంటుంది. ఆ పక్కనున్న గాజు మీదా అదే నీరు, అదే పీడనం, అయినా అక్కడ ఒక్క బుడగా లేవదు.

గ్యాస్ లోపలికి వెళ్లేటప్పుడూ ఇదే న్యాయం. లీడ్స్‌లో బీరు కాచే కార్ఖానా పక్కన ఉండగా జోసెఫ్ ప్రీస్ట్‌లీ, తొట్ల మీద పేరుకున్న గ్యాసులో నీటిని ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి పదేపదే వంపి సోడా చేశాడు. 1772లో సోడా తయారీ గురించి పుస్తకమే అచ్చువేశాడు. వంపినప్పుడల్లా నీటికి కొత్త తలం ఏర్పడి గ్యాస్ త్వరగా కరిగింది. సోడా మిషన్‌లో నన్ను బిగించి గిరగిరా తిప్పడం కూడా అందుకే. సిలిండరు నుంచి పీడనం తిప్పకపోయినా వస్తుంది, గ్యాస్ నీటికి త్వరగా పట్టాలంటే మాత్రం తిప్పాల్సిందే.

"కుదిపిన సీసా ఎక్కువ పొంగేది పీడనం పెరగబట్టే కదా" అని అడ్డు చెప్పేవారున్నారు. మూసిన సీసాలో నీటికీ పైచోటికీ మధ్య గ్యాస్ పంపకం ముందే సర్దుకుని ఉంటుంది. వేడి మారనంతవరకు కుదుపు ఆ లెక్కను పెద్దగా మార్చదు. పైచోటి గ్యాసును సన్నని బుడగలుగా నీటిలో కలపడమే కుదుపు చేసే పని. గండం దాటిన బుడగలు అన్ని సిద్ధంగా ఉన్నప్పుడు తెరిస్తే, అవన్నీ ఒక్కసారి ఉబ్బి నీటిని మోసుకొస్తాయి. కాసేపు కదపకుండా ఉంచితే అవి పైకి తేలిపోతాయి. పీడనం అదే అయినా పొంగు తగ్గుతుంది. ఉప్పు వేస్తే పొంగేది రసాయన చర్య వల్లనని మరికొందరి నమ్మకం. ఉప్పు కరిగిన నీటిలో గ్యాస్ కొంత తక్కువ పడుతుందన్నది నిజమే. కానీ పొడి ఇసుక వేసినా సోడా పొంగుతుంది. ఇసుక కరగదు, ఆ గ్యాసుతో ఏ చర్యా జరపదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నవి గరుకు తలం, దాని సందుల్లోని గాలి. ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. తాగగా మిగిలిన సోడా సీసాలోకి గాలి కొట్టి మూత బిగిస్తే పీడనం తిరిగి వస్తుంది కదా, ఇక గ్యాస్ పోకూడదు కదా అంటారు. హెన్రీ లెక్కలో పీడనమంటే ఆ వాయువు సొంత పీడనం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేలలో నాలుగు వంతులే. కొట్టిన గాలి బుడగలను అణచగలదు గానీ, పైతలం గుండా గ్యాస్ పైచోటిలోకి జారుకోవడాన్ని ఆపలేదు. ఉత్త మూత బిగించినా చివరికి మిగిలేది దాదాపు అంతే.

నాలుక మీది చురుకుకూ బుడగలే కారణమనుకుంటారు. కరిగిన గ్యాసును నోటిలోని కార్బానిక్ ఎన్‌హైడ్రేస్ అనే ఎంజైము ఆమ్లంగా మార్చడం వల్లే ఆ చురుకులో ఎక్కువ భాగం పుడుతుంది. కనుక ఎక్కువ పొంగితే మంచి సోడా అనే లెక్క తప్పు. కంటికి నురగగా కనిపించిన గ్యాస్ నాలుకకు దక్కకుండా పోయిందే. నా మాట వింటే సోడాను ఐసులో బాగా చల్లబరచండి, 25 డిగ్రీల దగ్గర పట్టేదానికి రెట్టింపుకు పైగా గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గర నీటిలో నిలుస్తుంది. కొట్టేముందు కుదపకండి. ఉప్పును ముందే నిమ్మరసంలో కరిగించి, ఆ తర్వాతే సోడా పోయండి.