కోటిమొక్క: ఒక వృక్షశాస్త్ర పరిచయం

కోటిమొక్క ఆంధ్రప్రదేశ్‌లో విరివిగా కనిపించే ఏకదిన వృక్షజాతి. మామూలు మొక్క విత్తనంలోంచి పుడితే, ఇది ప్రకటనలోంచి పుడుతుంది. ‘ఒక్క రోజులో కోటి’ అనగానే మొలకెత్తుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. 2016 జులైలో ‘వనం-మనం’ పేరిట ఒకసారి, 2025 జూన్ 5న పర్యావరణ దినోత్సవం పేరిట మరోసారి ఇది విరగబూసింది.

కాలం: జూన్ 5 నాటికి రోహిణి కార్తె ఇంకా వెళ్లదు. రోళ్లు పగిలే ఎండ. మృగశిర రావడానికి మరో రెండు మూడు రోజులుంటాయి. విజయనగరం జిల్లా చీపురుపల్లి రైతు అప్పటికి మెట్ట గరువులో గింజ కూడా జల్లడు, మబ్బు వంక చూస్తుంటాడు. కోటిమొక్కకు మబ్బుతో పనిలేదు. షామియానా నీడ, ఫొటో వెలుగు చాలు.

ఆవాసం: చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల ఎర్ర గరువులు దీనికి బాగా నచ్చుతాయి. 1892 ప్రాంతం నుంచి మాంగనీసు కోసం తవ్విన సీమ ఇది. ఇక్కడి కోడూరు గని పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని నామకరణం కూడా జరిగింది. పేరు రాతికి దక్కింది, గోతులు ఊళ్లకు దక్కాయి. తవ్విపోసిన దిబ్బ మీద మామూలు మొక్క వేరు పట్టడానికి ఏళ్లు పడుతుంది. కోటిమొక్కకు గొయ్యి ఉంటే చాలు, నిరుటి గొయ్యి అయితే మరీ మంచిది. పక్కన పేర్లు రాసిన రేకు బోర్డు మాత్రం ఏటా కొత్తదే.

ఆహారం: నిధులు. మెట్ట నేలల బాగుకు 2008లో వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు నూరు రూపాయలను ఇలా వడ్డించాయి: పరిపాలనకు 10, శిక్షణకు 5, ఊరి నమ్మకం సంపాదించే తొలి పనులకు 4, సవివర ప్రణాళికకు 1, పర్యవేక్షణకు 1, మూల్యాంకనానికి 1. అంటే చూడ్డానికొక రూపాయి, చూసినదాన్ని మళ్లీ చూడ్డానికొక రూపాయి. నేల మీద అసలు పనికి 50. జీవనోపాధులకూ, పంటల సాగుకూ కలిపి 23. అంతా అయ్యాక చేసినదాన్ని నిలబెట్టుకోవడానికి 5. తర్వాతి సవరణలో ఆ 5 కూడా 3 అయింది. నిలబెట్టడం తగ్గితే కోటిమొక్కకు బలం. ఏటా కొత్తగా నాటవచ్చు.

పెరుగుదల: ఇది ఎత్తు పెరగదు, గడువు పెరుగుతుంది. రాష్ట్రంలో సగం పచ్చదనం 2029కల్లా అని ఒకప్పుడు చెప్పారు, ఇప్పుడు 2047కల్లా అంటున్నారు. పదేళ్లు తిరక్కుండా 18 ఏళ్లు ఎదిగింది. సరుగుడు కూడా ఇంత ఏపుగా పెరగదు.

శత్రువులు: మేకలు దీన్ని తినవు, ఎండ దీన్ని చంపదు. మరుసటి వేసవిలో ఎవరైనా వెళ్లి లెక్కపెడితే మాత్రం చచ్చిపోతుంది.

నిజమైన మొక్క సంగతి వేరు. గరువులో అది చచ్చేది నాటిన రోజున కాదు, మరుసటి ఏడు వాగులూ గెడ్డలూ ఎండాక. మొక్కకు ముందుగా వానను పట్టే కందకం కావాలి, పశువులు తొక్కకుండా ముళ్లకంప కావాలి. కొట్టేసిన మోడుల్లో ప్రాణం ఉంటే వాటి చిగురునే కాపాడుకోవచ్చు, అది నాటడం కన్నా చవక. ఎండలు ముదిరిన ఆ మూడు నెలలూ దూరపు బోరు నుంచి బిందెలు మోసేది ఉపాధి కూలికి వచ్చిన ఆడవాళ్లు. పనిచేసిన 15 రోజుల్లోగా కూలి చేతికి అందాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. బిందె మోసిన మనిషికి కూలి ఆపి, మొక్క ఎండాక జనంలో చైతన్యం లేదని ఉపన్యాసమిస్తే అది పచ్చదనం కాదు, పచ్చి మోసం.

అంచనా వేయాల్సింది నాటే రోజుకు కాదు, మూడో వేసవికి. బిల్లు చెల్లించాల్సింది తీసిన గోతికి కాదు, బతికిన మొక్కకు. ఆ లెక్క పదివేలు తేలినా కోటి కన్నా ఎక్కువే. గోతులు తవ్వడం ఈ సీమకు ఎవరూ నేర్పనక్కర్లేదు, నూట ముప్పై ఏళ్లుగా తవ్వుతూనే ఉంది. లేనిదల్లా ఆ గోతిలో నీళ్లు పోసే చేతికి వేళకు అందే కూలి.