గందరగోళానికి గ్రాఫు కావలెను

కేయాస్ అనే గందరగోళానికి బొమ్మ గీయాలనుకున్నవాడు ముందు గణితం జోలికి పోడు, సాఫ్ట్‌వేర్ వేటలో పడతాడు. ఉచితంగా దొరికేది నాసిరకమనీ, డబ్బు పోసి కొన్నదైతే లైసెన్సుతో పాటు కాస్త తెలివి కూడా అంటగడుతుందనీ మనకో గుడ్డి నమ్మకం. చరిత్ర చూస్తే వ్యవహారం తలకిందులు. 1975లో లాస్ అలమోస్‌లో ఫైగెన్‌బామ్ అనే భౌతిక శాస్త్రవేత్త చేతిలో ఇమిడే హెచ్‌పీ-65 క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన తీసుకున్న లెక్క పిల్లలు కూడా చేసేదే. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక సంఖ్యను తీసుకుని, దాన్ని ఒకటిలోంచి తీసేయగా మిగిలినదానితో గుణించి, ఆపైన ఒక స్థిరాంకంతో గుణించడం. వచ్చిన జవాబుతో మళ్ళీ అదే పని. స్థిరాంకం 3 దాటగానే జవాబు రెండు విలువల మధ్య ఊగుతుంది, తర్వాత నాలుగు, ఎనిమిది. 3.57 దాటాక పట్టపగ్గాలుండవు. పోనీ పూర్తిగా చెడిపోయిందనుకుందామా అంటే 3.83 దగ్గర ఉన్నట్టుండి బుద్ధి తెచ్చుకుని మూడే మూడు విలువల మధ్య తిరుగుతుంది. ఆ క్యాలిక్యులేటర్ నత్తనడక నడిచేది కాబట్టి, విలువలు రెట్టింపయ్యే తర్వాతి చీలిక ఎక్కడొస్తుందో ఫైగెన్‌బామ్ ముందే ఊహించుకోవాల్సి వచ్చింది. ఆ ఊహల్లోనే చీలికల మధ్య దూరాలు కుదించుకుపోయే 4.669 అనే నిష్పత్తి చిక్కింది. యంత్రం చురుగ్గా ఉంటే ఆయన బొమ్మ చూసి మురిసిపోయి ఇంటికి వెళ్ళిపోయేవాడేమో!

అలాగని లక్షల చుక్కల చీలికల పటాన్ని ఎక్సెల్‌లో గీస్తామా అని అడగొచ్చు. గీయడం కష్టమే, ఒప్పుకుంటాను. దానికి పైథాన్ భాష, అందులో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉన్నాయి. పది పదిహేను వరుసల్లో పని తెములుతుంది, పైసా ఖర్చు లేదు. ఖరీదైనదైతే కచ్చితంగా లెక్కకడుతుంది కదా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. కానీ ఖరీదైనదీ మామూలుగా నమ్ముకునేది ఉచితమైనది వాడే ఆ పదహారు అంకెల లెక్కనే. స్థిరాంకం 4 అయినప్పుడు పొరపాటు సగటున ప్రతి అడుగుకూ రెట్టింపవుతూ చాప కింద నీరులా పాకి, యాభై అడుగుల చిల్లరకి పదహారు అంకెలనూ మింగేస్తుంది. ఇంకో విచిత్రం: సంఖ్యను రెట్టింపు చేసి, ఒకటికి చేరినా దాటినా ఒకటి తీసేసే లెక్క ఉంది. 0.1తో మొదలుపెడితే కాగితం మీద 0.2, 0.4, 0.8, 0.6 అంటూ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ 0.1ని సున్నా, ఒకటి అనే రెండు అంకెల పద్ధతిలో కుదించి దాచుకుంటుంది కాబట్టి, సరిగ్గా యాభై అయిదో అడుగులో సున్నా చూపించి చేతులు దులుపుకుంటుంది. లైసెన్సు ధర పెరిగినంత మాత్రాన ఆ సున్నా మారదు. కావాలంటే అడిగినన్ని అంకెలతో లెక్కగట్టే సదుపాయం ఉంది, అదీ పైథాన్‌లో ఉచితమే. మరో పదహారు అంకెలిస్తే మరో యాభై అడుగులు నెట్టుకొస్తుంది, అంతే.

అందుకని ముందు ఎక్సెల్ తెరవండి. స్థిరాంకం 4, మొదటి సంఖ్య 0.3. ఒక కాలమ్‌లో ఫైగెన్‌బామ్ లెక్క సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు, పక్క కాలమ్‌లో కుండలీకరణాలు విప్పేసి రాసి, వంద వరుసలు కిందికి లాగండి. బడి లెక్క ప్రకారం రెండూ ఒకటే. డెబ్భయ్యో వరుస చేరేసరికి వాటికి పొంతనే ఉండదు, రెండూ తప్పే. అది కళ్ళారా చూశాక కూడా లైసెన్సు కొనాలనిపిస్తే, నిక్షేపంగా కొనుక్కోండి.