పీజీల రిట్రీట్ పెడుతున్నారా? ఈ సలహాలు మాత్రం వినకండి

డిపార్ట్‌మెంట్‌లోని పీజీలందరినీ ఏడాదికోసారి ఆసుపత్రికి దూరంగా ఒకచోట కూర్చోబెట్టి, ఒక రోజంతా వాళ్లకే వదిలెయ్యడం మంచి పని. అమెరికా రెసిడెన్సీ ప్రోగ్రాములు చాలాకాలంగా చేస్తున్నాయి. మన మెడికల్ కాలేజీల్లోనూ చెయ్యాలి. అయితే ఆ మాట ఎత్తగానే నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. అందరూ మంచి మనసుతోనే చెప్తారు, కానీ వాటిని పాటిస్తే పీజీలు వెళ్లినప్పటికంటే అలిసిపోయి తిరిగొస్తారు.

అన్నిటికంటే ముందు వినిపించేది, అన్నిటికంటే చెడ్డది: "ఆదివారం పెట్టండి సార్, డ్యూటీలకు ఇబ్బంది ఉండదు."

ఆదివారం ఎవరిది? జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో వారానికొక సెలవు రాసి ఉంది, అదీ పని అవసరాలకు లోబడి. నిరంతర డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని, వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే చెప్పింది. అడ్మిషన్ డే నాడు డ్యూటీ ఎక్కి మర్నాడు మధ్యాహ్నం ఓపీ అయ్యాక దిగే పీజీని అడగండి, ఆ కాగితం ఎప్పుడైనా చూశారేమో. 2024లో కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని సిఫార్సు చేసింది. అంత పెద్ద అంకెను కూడా సంస్కరణగా అడగాల్సి వచ్చిందంటే వార్డుల పరిస్థితి అర్థమవుతుంది. అలాంటి పీజీకి దొరికే ఒక్క ఆదివారాన్నీ మీరు తీసుకుంటే, దానికి ఏ పేరు పెట్టినా అది ఇంకో డ్యూటీయే.

కాబట్టి పనిరోజునే పెట్టండి. ఆ రోజు పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు దొరికాకే తేదీ ప్రకటించండి. జవాబు ఒక్కటే: అసిస్టెంట్ ప్రొఫెసర్లు, అసోసియేట్లు, ప్రొఫెసర్లు. క్యాజువాలిటీ కాల్స్ వాళ్లే చూడాలి, వార్డులో సెలైన్లు వాళ్లే రాయాలి, ఐసీయూలో రాత్రి వాళ్లే ఉండాలి. మీ యూనిట్ అడ్మిషన్ డే కాని రోజు చూసుకోండి. ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లను రెండు వారాల ముందే సర్దండి. బెడ్డు బెడ్డుకీ హ్యాండోవర్ రాయించి, సంతకం పెట్టి మరీ తీసుకోండి. ఎవరు ఫోన్ చేసినా ఆ రోజు పీజీ నంబరుకు కాకుండా డ్యూటీలో ఉన్న ప్రొఫెసర్ నంబరుకే వెళ్లాలి. నా దృష్టిలో రిట్రీట్‌లో ముప్పాతిక వంతు ఇదే. ఇంకో లాభమూ ఉంది. ఒక రాత్రి ల్యాబ్‌కు శాంపిళ్లు మోసి, రక్తం కోసం బ్లడ్ బ్యాంక్ చుట్టూ తిరిగిన ప్రొఫెసర్‌కి పీజీల సమస్యల మీద వేరే నివేదిక అవసరం ఉండదు.

ఆదివారం సలహాకు తోబుట్టువు లాంటిది ఇంకొకటుంది: "సగం మందిని తీసుకెళ్లండి, మిగతావాళ్లు చూసుకుంటారు." ఆ మిగతావాళ్లు ఎవరో అందరికీ తెలుసు. ఫస్టియర్లు. ఇద్దరి పని ఒకరి మీద వేసి, ఆ ఇద్దరిలో ఒకరి ఫొటోలు రెండోవాళ్లకు పంపించడం విశ్రాంతి కాదు. ఒకేసారి కుదరకపోతే రెండు రోజులు పెట్టండి, ఫస్టియర్లను మొదటి రోజే పంపండి.

"పొద్దున్నే అయిదింటికి బస్సెక్కితే అరకు చూసి రాత్రికి వచ్చెయ్యొచ్చు." వద్దు. విశాఖలో ఉన్నవాళ్లకు ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన పనేముంది, సముద్రం పక్కనే ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఊరి చివర నీడా, మంచి భోజనమూ ఉన్న తోట చాలు. తొమ్మిది తర్వాతే మొదలుపెట్టండి. ముందు రాత్రి డ్యూటీ చేసినవాళ్లను సొంత బండి మీద రమ్మనకండి. హార్వర్డ్ పరిశోధకులు అమెరికా ఇంటర్న్‌ల మీద చేసి 2005లో అచ్చువేసిన అధ్యయనంలో, 24 గంటలు, అంతకు మించిన డ్యూటీ తర్వాత వాహన ప్రమాదాల అవకాశం రెండింతలు దాటింది. అక్కడికి వచ్చాక ఎవరైనా పడుకుంటానంటే దుప్పటి ఇవ్వండి. సాయంత్రం దాకా నిద్రపోయినా వాళ్లకు రిట్రీట్ జరిగినట్టే.

"మంచి స్పీకర్‌ని పిలిచి ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పించండి." నీట్ పీజీ దాటి, లేబర్ రూమ్‌లో నిలువుకాళ్ల మీద రాత్రులు గడిపేవాళ్లకు ఓర్పు గురించి పాఠమా! వాళ్లకు లేనిది ఓర్పు కాదు, చెప్పుకునే చోటు. తెల్లవారుజామున మూడింటికి ఒక తల్లికి బిడ్డ పోయాడని చెప్పాల్సి వచ్చింది. చెప్పిన వెంటనే పక్క బెడ్డు కేసు చూడాల్సి వచ్చింది. బంధువులు చొక్కా పట్టుకున్నారు. పొద్దున రౌండ్స్‌లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, పొటాషియం ఎంతుందని అడిగారు. ఇది ఎక్కడ చెప్పుకోవాలి?

లండన్‌లో 1950లలో మైకేల్ బాలింట్ అనే మానసిక విశ్లేషకుడు కుటుంబ వైద్యులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఒక డాక్టర్ తన మనసును వదలని ఒక రోగి గురించి చెప్తారు. కేస్ షీటు ఉండదు, స్లైడ్లుండవు. మిగతావాళ్లు ఆ రోగి గురించీ, ఆ డాక్టర్‌కి ఏమనిపించి ఉంటుందన్న దాని గురించీ మాట్లాడతారు. "నువ్వు ఆ మందు ఎందుకివ్వలేదు" అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. మీరూ అలాంటిదే పెట్టండి: ఎనిమిది పది మంది, గంటన్నర, నడిపించడం తెలిసిన ఒకరు. స్పీకర్‌కి ఇచ్చే డబ్బు ఆ ఒక్కరికి ఇవ్వండి. మాట్లాడనివాళ్లను మాట్లాడమని మాత్రం ఒత్తిడి పెట్టకండి. వినడానికే వచ్చినవాళ్లూ ఉంటారు.

"హెచ్‌ఓడీ సార్ రోజంతా ఉండాలి, అప్పుడే ఒక ఫ్యామిలీలా ఉంటుంది." థీసిస్ మీద సంతకం పెట్టే చెయ్యి, ప్రాక్టికల్స్‌లో మార్కులు వేసే చెయ్యి ఆ గదిలో ఉంటే ఎవరూ నోరు విప్పరు. ఆ సార్ ఎంత మంచివారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పీజీల మీద ఆయనకు ప్రేముంటే ఆ రోజు వార్డు చూసుకోమనండి. ఫస్టియర్లకు థర్డియర్లతో కూడా ఇదే చిక్కు. డ్యూటీలు వేసే అన్నయ్య ఎదుట ఎవరు ఏడుస్తారు? వాళ్లను విడిగా కూర్చోబెట్టండి.

ఖర్చు పీజీల దగ్గర వసూలు చెయ్యమనే సలహాకు ఒక్క మాట చాలు: చెయ్యకండి. స్టైపెండ్ కోసం సమ్మెలు చేసిన పిల్లలు వాళ్లు.

"ఎవరికి డిప్రెషన్ ఉందో అక్కడ కనిపెట్టేయొచ్చు" అనేవాళ్లూ ఉన్నారు. కనిపెట్టే పని పెట్టుకోకండి. టాస్క్‌ఫోర్స్ సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీల్లో 15.3 శాతం తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు. వాళ్లకు కావలసింది చికిత్స, రోజంతా ఆటపాటలు కాదు. అదీ సొంత కాలేజీలో, రేపు కారిడార్‌లో ఎదురయ్యే మేడమ్ దగ్గర అయితే వెళ్లరు. బయటి సైకియాట్రిస్ట్‌తో ముందే మాట్లాడి పెట్టండి, పేర్లు కాలేజీకి రావని రాసివ్వండి. టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

చివరిది, సగం నిజమైనది కాబట్టి ఎక్కువగా మోసం చేసేది: "అక్కడి మాటలు అక్కడే వదిలేసి రావాలి." ఎవరి కన్నీళ్లు, ఎవరి రోగి, ఎవరి ఇంటి గొడవ అన్నవి అక్కడే ఉండాలి. ఆ మాట మొదట్లోనే అందరికీ చెప్పండి, ఫోన్లు, ఫొటోలు పక్కన పెట్టించండి. డ్యూటీ రూమ్ తలుపుకి గొళ్లెం లేదన్న మాట మాత్రం తిరిగి రావాలి. కోల్‌కతాలో 2024 ఆగస్టులో డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చిన డాక్టర్‌కి ఏం జరిగిందో చూశాక కూడా అది చిన్న విషయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చివరి అరగంటలో పీజీల చేతే మూడు పనులు ఎంపిక చేయించండి. పోస్ట్ డ్యూటీ ఆఫ్ కావచ్చు, శాంపిళ్లు మోయడానికి వార్డుబాయ్ కావచ్చు, గొళ్లెం కావచ్చు. సూపరింటెండెంట్ సంతకంతో, గడువు తేదీతో ఆ కాగితం డ్యూటీ రూమ్ గోడకు అతికించండి. నెల తిరిగేసరికి ఏది జరిగిందో, ఏది జరగలేదో, ఎందుకు జరగలేదో దాని కిందే రాయండి.